పొయ్యి వెలగని శనివారం

శనివారం తెల్లవారుజామున నాలుగు గంటలకు అబ్రహాం ఆ రోజు దుకాణం తెరవకూడదని నిర్ణయించుకున్నాడు. బెల్లంపల్లి బజారులో అతనికి హార్డ్‌వేర్ దుకాణం ఉంది. గుడ్ ఫ్రైడే నాడు కూడా చర్చిలో ఆరాధన ముగియగానే వచ్చి సగం షట్టర్ ఎత్తి కూర్చునే మనిషి. కూతురు పెళ్లినాడు పదకొండింటి దాకా మేకులు తూచి, ఆ తర్వాతే కోటు తొడుక్కున్నాడు. అలాంటివాడు ఒక పూట బేరం వదులుకుంటున్నాడంటే అంతకంటే పెద్ద రాబడి ఏదో కంటికి ఆనాలి. ఆనింది. ఆ మధ్యాహ్నానికల్లా మెకానిక్ హనుమండ్లును బజారు నడిబొడ్డున దొంగగా నిలబెట్టాలి.

హనుమండ్లు షెడ్డు అబ్రహాం దుకాణానికి నాలుగు గడపల అవతల. ఇరవై ఏళ్ల స్నేహం. మూడు నెలల కింద అతడు అబ్రహాం పాత కారుకు సర్వీసు చేసి, కొత్త ఫ్యూయల్ ఫిల్టర్ వేశానని చెప్పాడు. పెట్రోలులోని మురికి ఇంజనుకు పోకుండా ఆపే చిన్న డబ్బీ అది. తీరా చూస్తే కారు మందమర్రి దారిలో ఎక్కిళ్లు పెట్టడం మొదలుపెట్టింది. పోయిన వారం నడిరోడ్డు మీద ఆగిపోయింది. దారిన పోయే డ్రైవరెవరో చూసి ఫిల్టర్ మూసుకుపోయిందన్నాడు. కొత్త ఫిల్టర్ మూడు నెలలకే మూసుకుపోతుందా? పోదు. అంటే కొత్తది వేయనే లేదు. అబ్రహాం లెక్క రెండు గీతల్లో తేలింది. నేరుగా టీ కొట్టు దగ్గరికి పోయి, పదిమంది చూస్తుండగా హనుమండ్లును నిలేశాడు.

"కొత్తది ఏసిన్నంటివి గదరా! నా కారుకు నా పాత సామానే తుడిచి తొడిగినవా?"

"అన్నా, ఏసింది కొత్తదే. నీ దుకాణంల కొన్న పసుపు రంగుతోనే దాని మీద తారీకు రాసిన. నా పిల్లల మీద ఒట్టు."

"ఒట్టు నాకెందుకు? ఒట్టుకు రసీదుంటదా?"

హనుమండ్లు చేతిలోని గ్లాసు కింద పెట్టాడు. "అయితే నేను ముట్ట. నువ్వే ఇప్పి సూసుకో. పాతది ఎల్లితే చెప్పుతోని కొట్టు. కొత్తది ఎల్లితే ఏం జేస్తవ్?"

"కొత్తది ఎల్లితే అందరి ముందట నేనే దొంగనని ఒప్పుకుంట. పో!"

బజారులో అబ్రహాం మాట చెల్లుతుంది. వారం తిరగకముందే హనుమండ్లు షెడ్డు ముందు బండ్లు పలచబడ్డాయి. అది చూసి కూడా అబ్రహాం కోపం తగ్గలేదు. సాక్ష్యం చేతికి రాని గెలుపు అతని దృష్టిలో సగం తూకమే.

ఫిల్టర్ ఇంట్లోనే, తన చేతులతోనే విప్పాలనుకున్నాడు. ఇంకో మెకానిక్‌కు ఇస్తే వాళ్లంతా ఒకటే జాతి, మార్చేస్తారు. ఫోనులో వీడియోలు చూసి, జాగ్రత్తలన్నీ చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. రాసుకున్నది రాసుకున్నట్టు చేశాడు కూడా. ఇంటి వెనక రేకుల షెడ్డులో కారు వెనక భాగం జాకీతో ఎత్తి, జాకీని నమ్మకుండా ఇనుప స్టాండ్ల మీద దించాడు. ముందు చక్రాలకు రాళ్లు పెట్టాడు. పంపు ఫ్యూజు లాగి, ఇంజను తనంతట తను ఆగిపోయేదాకా నడిపి పైపుల్లో ఒత్తిడి తీసేశాడు. ఇంజను చల్లారేదాకా ఆగి, బ్యాటరీ నెగెటివ్ తీగ ఊడదీశాడు. పక్కన ఇసుక బకెట్టు. లేన్లోంచి హనుమండ్లు మనుషులెవరూ చూడకుండా, పైన గాలికి జాగా వదిలి, షెడ్డు చుట్టూ నీలం టార్పాలిన్ కట్టాడు. మూలన గోనెసంచులు కప్పి ఉన్నవాటి గురించి మాత్రం పుస్తకంలో ఏమీ రాసుకోలేదు.

ఆ తర్వాత ఇంట్లోకి వచ్చి ఆజ్ఞలు జారీ చేశాడు.

"సంతోషా, పొయ్యి ముట్టియ్యకు. పెట్రోలు పని. నిప్పుకణం కనబడద్దు."

భార్య సంతోషమ్మ పెద్ద పళ్లెం ముందు కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తోంది. మధ్యాహ్నం మందమర్రి నుంచి ఆమె చెల్లెలి కుటుంబం భోజనానికి వస్తోంది. రెండు కిలోల మటన్ అల్లం, కారం పట్టించి పక్కన పెట్టి ఉంది.

"పొయ్యి ముట్టియ్యకుంటే మటన్ ఎండల పెట్టాల్నా?"

"మధ్యాన్నం దాకా ఆగు. కరెంటు మెయిన్ కూడా బంద్ చేస్తున్న. స్విచ్చుల నిప్పురవ్వలుంటయ్."

"ఫ్రిజ్జు?"

"ఫ్రిజ్జు కూడా. ఫోన్లు కూడా బంద్. ఇటియ్యి నీది."

"నా చెల్లె వస్తందయ్యా! గా హనుమండ్లు మీద కోపం నా మటన్ మీద తీస్తవా?"

"మటన్ పోతే మళ్ల వస్తది. పరువు?"

"నీ పరువు కూరల ఉప్పుకన్న పనికొస్తదా?" అని సంతోషమ్మ కత్తిపీట పక్కకు తోసింది. ఇక ఆ ఇంట్లో ఉన్నంతసేపు ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడనని ఏసు మీద ఒట్టు పెట్టుకుని, ముందు గడప మీదకు పోయి కూర్చుంది. ఉల్లిగడ్డల ఘాటుకు కళ్లు ఏకధారగా కారుతున్నాయి. కోపానికి ముక్కు ఎర్రబడింది. చేతులకు కారం ఉంది కనుక కొంగుతో తుడుచుకోవడమే గాని జుట్టు కూడా ముడి వేసుకోలేదు.

పక్కింటి కమలవ్వ సిరిసిల్ల నుంచి వచ్చి స్థిరపడ్డ నేతవారి ఇంటి పెద్దమనిషి. రోజూ ఏడింటికి సంతోషమ్మ కుక్కరు మూడు కూతలు కూస్తే, మూడో కూతకు బీపీ గోళీ వేసుకుంటుంది. ఆ రోజు కూత రాలేదు. ఏడుంపావు దాకా గోళీ చేతిలో పట్టుకుని చూసి, ప్రహరీ గోడ మీదుగా తొంగిచూసింది. వంటిల్లు చీకటిగా ఉంది. పొయ్యి చల్లగా ఉంది. గడప మీద సంతోషమ్మ జుట్టు విరబోసుకుని ఏడుస్తోంది.

చావు జరిగిన ఇంట్లో పొయ్యి ముట్టించరు. పక్కింటివాళ్లే అన్నం వండి తెచ్చి పెడతారు. ఏమైంది, ఎట్లయింది అని అడగడం మర్యాద కాదు. కమలవ్వ ఎనభై ఏళ్లలో ఒక్కసారి కూడా మర్యాద తప్పలేదు. ఆ రోజూ తప్పలేదు.

"ఊకో బిడ్డా, ఊకో. నేనున్న," అన్నది గోడ మీది నుంచే.

ఒట్టు పెట్టుకున్న సంతోషమ్మ జవాబు చెప్పలేదు. తన బాధ అర్థం చేసుకున్న మనిషి ఒకరైనా ఉన్నారని ఇంకో రెండు చుక్కలు ఎక్కువ రాల్చి, లేచి, మటన్ గిన్నెకు గుడ్డ కట్టి, ముందు తలుపుకు తాళం వేసి, వెళ్తున్న ఆటో ఆపి మందమర్రిలో చెల్లెలి పొయ్యి మీద వండుకోవడానికి వెళ్లిపోయింది. వెనక షెడ్డులో మొగుడున్నాడన్న సంగతి ఆమెకు తెలుసు. తెలిసే తాళం వేసింది.

కమలవ్వకు ఇక అనుమానం మిగల్లేదు. మనవడిని చర్చికి పంపి, తను బియ్యం కడిగింది.

తర్వాత జరిగిందంతా ఎవరి తప్పూ కాదు. చర్చి పాస్టరు వెస్లీ అయ్యగారు తొందరపడే మనిషి కాదు. ముందు అబ్రహాంకు ఫోన్ చేశారు. స్విచ్ ఆఫ్. సంతోషమ్మకు చేశారు. స్విచ్ ఆఫ్. మనిషిని దుకాణానికి పంపారు. షట్టర్ దించి ఉంది. ఆ మాట వినగానే అయ్యగారు కుర్చీలోంచి లేచారు. ఫోన్లు ఆగిపోవచ్చు, ఇంటికి తాళం పడవచ్చు, కాని అబ్రహాం బతికి ఉండగా శనివారం పొద్దున ఆ షట్టర్ దిగి ఉండదు. ఆ లెక్క బజారులో ప్రతివాడికీ తెలుసు.

ఎనిమిదిన్నరకు రాత్రి గుండెనొప్పి వచ్చిందన్నారు. తొమ్మిదింటికి అంబులెన్సు వచ్చిందన్నారు. తొమ్మిదింపావుకు ఆ అంబులెన్సును చూసినవాళ్లు ఇద్దరు తేలారు. తొమ్మిదిన్నరకు చర్చి గంట ఒక్కొక్కటిగా, ఆగి ఆగి మోగింది.

కారు కింద వెల్లకిలా పడుకున్న అబ్రహాం గంట విన్నాడు. చావు గంట.

"ఎవలో పోయిండ్రు," అనుకున్నాడు. వెంటనే కోపం ముంచుకొచ్చింది. సంఘంలో ఎవరు పోయినా శవపెట్టె చేయాలి. పెట్టెకు మేకులు, మూత తిరిగే కబ్జాలు, పిడులు కావాలి. ఇరవై ఏళ్లుగా అవన్నీ తన దుకాణంలోనే. ఇవాళే పోవాలా? ఇవాళ పెట్టె చేసే వడ్లాయన పోయి ఎదురు దుకాణం దశరథం దగ్గర కొంటాడు. ఆ దశరథం మేకులు సుత్తి చూస్తేనే వంగుతాయి. పోయినవాడు ఎవడో గాని, ఒక్క రోజు ఆగలేకపోయాడు.

ఆ కోపంలోనే ఫిల్టర్ క్లిప్పును స్క్రూడ్రైవరుతో ఒక్కటి వేశాడు. గంటసేపు రానిది ఊడి వచ్చింది. కింద పెట్టిన ట్రేలో మిగిలిన పెట్రోలు కారింది. గుడ్డతో తుడిచి, ఫిల్టర్ ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూశాడు.

పసుపు రంగు. దాని మీద హనుమండ్లు వంకర చేతిరాతలో మూడు నెలల కిందటి తారీకు.

అబ్రహాం కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. తారీకు మారలేదు. ఫిల్టర్ బోర్లించి గుడ్డ మీద తట్టాడు. ఇటుకపొడి లాంటి ఎర్రటి మడ్డి రాలింది. ఆ రంగు అతనికి తెలుసు. మెల్లగా తల తిప్పి మూలనున్న గోనెసంచుల వైపు చూశాడు. పోయిన ఎండాకాలం పెట్రోలు ధర పెరుగుతుందని ఎవరో అంటే, ముందుచూపు అనుకుని రెండు డబ్బాల నిండా పట్టుకొచ్చి దాచాడు. దుకాణంలో టర్పెంటైన్ వచ్చిన పాత రేకు డబ్బాలు. లోపల తుప్పు. ధర పెరగలేదు. తుప్పు మాత్రం లీటరు లీటరుగా కారులోకి పోయింది.

హనుమండ్లు దొంగ కాదు. తన ఫిల్టర్‌ను అబ్రహామే చంపుకున్నాడు.

ఇలాంటప్పుడు మనిషికి సిగ్గు కలగాలి. అబ్రహాంకు కోపం కలిగింది. ముందు హనుమండ్లు మీద, నిజం చెప్పినందుకు. తర్వాత పసుపు రంగు మీద, చెరిగిపోనందుకు. ఆ రంగు అంత గట్టిదని గిరాకీలకు తనే చెప్పి అమ్మాడు. చివరికి తన నోటి మీద. నేనే దొంగనని ఒప్పుకుంటానని పదిమందిలో ఎవడు అనమన్నాడు?

ముందే తెచ్చి పెట్టుకున్న కొత్త ఫిల్టర్ బిగిస్తూ లెక్క వేశాడు. ఇది చూసిందెవరు? ఎవరూ లేరు. గుడ్డలో చుట్టి వెనక మురుగు మోరీలో వేస్తే చూసేదెవరు? ఎవరూ లేరు. పాతదే వెళ్లిందంటే కాదనేదెవరు? హనుమండ్లు. వాడి మాట వినేదెవరు? ఎవరూ లేరు. అన్ని జవాబులూ తనకే లాభం. గుడ్డలో చుట్టాడు.

అప్పుడే ముందువైపు కుర్చీలు దించుతున్న చప్పుడు, షామియానా గుంజలు పాతుతున్న చప్పుడు వినిపించాయి. చెల్లెలి కుటుంబానికి షామియానా ఎందుకో అర్థం కాలేదు. భార్య మీద ఇంకో మోతాదు కోపం వచ్చింది. ఎంతమందిని పిలిచిందో! తిండి లేదని తెలిసి ఇంతమందిని పిలుస్తారా? అందరూ విసిగి వెళ్లేదాకా బయటికి రాకూడదని కారు కిందే ఉండిపోయాడు. వెస్లీ అయ్యగారి గొంతు మైకులో ఖంగుమంది.

"అబ్రహాం గారు నోటికి కఠినులే. కాని..."

అయ్యగారు చాలాసేపు ఆగారు. 'కాని' తర్వాత ఏమీ దొరకక పాట ఎత్తుకున్నారు.

'నా గురించి ప్రార్థన కూడిక పెట్టిచ్చిందా!' అనుకుని అబ్రహాం పళ్లు కొరికాడు. తన కోపం తగ్గాలని భార్య ఇదివరకు రెండుసార్లు కూడిక పెట్టించింది. రెండుసార్లూ పెరిగింది.

పాట సగంలో టార్పాలిన్ కదిలింది. ఎవరో వెనక లేన్లోంచి లోపలికి దూరి, మూలనున్న గోనెల మీద కూర్చున్నారు. కారు కిందనుంచి రెండు పాదాలు కనిపించాయి. కుడికాలి చెప్పు తెగితే రాగి తీగతో కట్టి ఉంది. హనుమండ్లు. ఏడుస్తున్నాడు.

"ఎంత పని చేస్తివే అబ్రహామన్నా," అని గొంతు తగ్గించి తనలో తను అంటున్నాడు. "నన్ను దొంగను చేసి పోయినవ్. ఇగ ఆ ఫిల్టరు ఎవలు ఇప్పి చూస్తరే? నీ మాట నువ్వే వాపస్ తీసుకోవాలె గని, ఇంకెవలు తీసుకుంటరు? నా లొల్లితోనే నీ గుండె ఆగిందట, బయట అందరు నన్నే చూస్తుండ్రు. దొంగ చాలలేదని హంతకుణ్ణి చేసిండ్రు. అయినా పోనీ. నువ్వు తిట్టుకుంటనన్న బతికి ఉంటే మంచిగుండు."

కారు కింద అబ్రహాం వేళ్లు మడిచి లెక్క వేశాడు. గంట ఎవరి కోసం మోగిందో, షామియానా ఎవరి కోసం లేచిందో, అయ్యగారు 'కాని' దగ్గర ఎందుకు ఆగారో అన్నీ ఒక్కసారి కూడికకు వచ్చాయి. తను పోయాడు. పోయినా ఒక్క మంచి మాట దొరకలేదు. ఏడ్చిన ఒక్కడూ తను దొంగను చేసినవాడే.

అంతలో పైన పరిచయమైన చప్పుడు. అగ్గిపెట్టె. హనుమండ్లు నోట్లో బీడీ పెట్టుకున్నాడు. ఇరవై ఏళ్లుగా పెట్రోలు, ఆయిలు పీల్చిన ఆ ముక్కుకు పెట్రోలు ఒక వాసనే కాదు. అతడు కూర్చున్నది మాత్రం ఇంకా పెట్రోలున్న డబ్బా మీద.

"అగ్గిపుల్ల గియ్యకురా హనుమండ్లూ!"

చచ్చిన మనిషి గొంతు నేలలోంచి వచ్చింది. హనుమండ్లు చేతిలోని అగ్గిపెట్టె, బీడీ, తువ్వాలు మూడూ ఎగిరి ఇసుక బకెట్టులో పడ్డాయి. అబ్రహాం రాసుకున్న జాగ్రత్తల్లో ఆ రోజు నిజంగా పనికొచ్చింది ఆ బకెట్టొక్కటే. హనుమండ్లు టార్పాలిన్ చింపుకుని ముందువైపుకు పరుగెత్తాడు.

"అన్న లేసిండు! అన్న లేసిండు!"

పాట ఆగిపోయింది. కారు కిందనుంచి పాకి, ముఖమంతా ఎర్ర మడ్డితో, చేతిలో గుడ్డ మూటతో అబ్రహాం ఇంటి పక్క సందులోంచి నడుచుకుంటూ షామియానా కిందికి వచ్చాడు. ముందు వరుస కుర్చీలు ఖాళీ అయ్యాయి. వెస్లీ అయ్యగారు మైకు వదలకుండానే రెండడుగులు వెనక్కి వేశారు. కమలవ్వ ఒక్కతే కదలలేదు. ఆమె చేతిలో అన్నం గంజు ఉంది.

"ఏ సన్నాసి చెప్పిండు నేను పోయిన్నని?" అని అబ్రహాం గర్జించాడు.

"పొయ్యి ముట్టియ్యలే గద బిడ్డా," అన్నది కమలవ్వ.

"పెట్రోలు పని పెట్టుకుంటే పొయ్యి ముట్టిస్తరా?"

"దుకాణం తెరువలే. ఫోన్లు బంద్," అన్నారు వెస్లీ అయ్యగారు, తప్పు తనది కాదన్నట్టు.

"దుకాణం తెరువకుంటే సచ్చినట్టేనా!"

వాళ్ల ముఖాల్లో జవాబు ఉంది.

హనుమండ్లు ఒక్కడే దగ్గరికి వచ్చి, మడ్డి అంటుతుందన్న ఫికరు లేకుండా అబ్రహాంను రెండు చేతులా పట్టుకున్నాడు. ఏడుస్తూనే నవ్వుతున్నాడు. "తిట్టన్నా. ఎంత తిడతవో తిట్టు. నాకేం రంది లేదు."

అదే అబ్రహాంను నిజంగా మండించింది. ఒకడు కోపానికి కోపం ఇస్తే చెల్లుకు చెల్లు. కోపానికి ఏడుపు ఇస్తే దాన్ని ఏ వైపు రాసుకోవాలి? చేతిలో మూట బరువెక్కింది. మోరీ పది అడుగుల దూరంలో ఉంది. మూటను ఎవరూ చూడడం లేదు. అందరూ తన ముఖమే చూస్తున్నారు.

"పట్టు ఇది!" అని గుడ్డ విప్పి ఫిల్టర్‌ను హనుమండ్లు అరచేతిలో కొట్టాడు. "నువ్వు ఏసింది కొత్తదే. తారీకు కూడా ఉన్నది. తుప్పు డబ్బాలల్ల పెట్రోలు దాచుకున్నది నేను. దొంగను నేనే! ఇన్నరా అందరు? ఎనకున్నోళ్లకు ఇనబడ్డదా? అయ్యగారూ, గా మైకిటియ్యుండ్రి, మల్ల చెప్త!"

మైకు తీసుకుని మళ్లీ చెప్పాడు, తిట్టినట్టే చెప్పాడు. అంత కోపంగా తప్పు ఒప్పుకున్న మనిషిని బెల్లంపల్లి అంతకుముందు చూడలేదు. చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక కొందరు కొట్టారు.

హనుమండ్లు పసుపు తారీకును వేలితో తడిమి చూసుకున్నాడు. తర్వాత వెనక షెడ్డులోకి పోయి, కారు కింద దూరి, నిమిషంలో తల బయటపెట్టాడు.

"అన్నా, కొత్తదాని మీద బాణం గుర్తు చూసినవా?"

"చూసిన. ఏందట?"

"బాణం ఇంజను దిక్కు ఉండాలె. నువ్వు టాంకీ దిక్కు పెట్టినవ్."

"మూసుకొని తిప్పి పెట్టు," అన్నాడు అబ్రహాం. హనుమండ్లు తిప్పి పెట్టాడు. ఆ తర్వాత డబ్బాలు రెండూ ఎవరికీ చెప్పకుండా వెనక సందులోంచి తన షెడ్డుకు మోసుకుపోయాడు.

పన్నెండింటికి సంతోషమ్మ ఆటోలో వచ్చింది. వెంట చెల్లెలి కుటుంబం, మటన్ గిన్నె. ఇంటి ముందు షామియానా, తెల్లచీరల ఆడవాళ్లు, అయ్యగారు. ఆటో ఆగకముందే గుండెలు బాదుకుంటూ దిగింది. "తాళమేసి పోతినే! లోపట ఏమైతివే!" అని ఏడుస్తూ వచ్చి, మడ్డి ముఖంతో కుర్చీలో కూర్చుని కమలవ్వ పప్పన్నం తింటున్న మొగుణ్ణి చూసి నిలబడిపోయింది. పొద్దున పెట్టుకున్న ఒట్టు గుర్తొచ్చి టక్కున నోరు మూసుకుంది. గిన్నె మూత మాత్రం తీసి అతని ముందు పెట్టింది.

అందరూ తిన్నారు. చావు ఇంటి భోజనం అంత రుచిగా ఉండడం అదే మొదటిసారి అని అయ్యగారు అన్నారు.

చేతులు కడుక్కుంటుండగా ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. వడ్లాయన దిగి, వెనక్కి చూసి, అబ్రహాంను చూసి, పెట్టెను చూసి, ఎటూ పోలేక నిలబడ్డాడు. కొత్త టేకు పెట్టె. పొట్ట దగ్గర కొంచెం వెడల్పు ఎక్కువ పెట్టి జాగ్రత్తగా చేసి ఉంది.

అబ్రహాం లేచి, పెట్టె చుట్టూ ఒకసారి తిరిగాడు. మూత ఎత్తాడు, దించాడు. కబ్జా పట్టుకుని కదిపాడు. ఒక మేకు తలను గోటితో గీకి, పైకి లేచి ఉన్న ఇంకో మేకును వేలితో వంచాడు. అది వంగింది.

పొద్దున నుంచి పడ్డ కోపాలన్నీ ఒకెత్తు. ఇది ఒకెత్తు.

"దశరథం దగ్గర కొన్నవా?"

"నీ దుకాణం బంద్ ఉండె గదనే," అన్నాడు వడ్లాయన ఏడుపు గొంతుతో.

"ఇంకోసారి ఎవలు పోయినా మేకులు నా దగ్గర తీసుకో. పోయింది నేనైనా సరే, ఇంటికొచ్చి తాళంచెవి అడుగు."

మధ్యాహ్నం మూడు గంటలకు షట్టర్ లేచింది.